సర్కారు విత్తనానికి మంచి మడి

పోయిన మిరుగానికి, తొలకరి వేళ, మా ఇంటికి నాలుగు కిలోల కంది విత్తనం వచ్చింది. సంచి మీద పేరు లేదు, అంకెలు మాత్రమే ఉన్నాయి. పరిశోధన కేంద్రం వాళ్ళు ఇంకా పేరు పెట్టని రకం అది. పేరు పెట్టాలా, పక్కన పడేయాలా అన్నది మాలాంటి వాళ్ళ పొలాల్లో పండినదాన్ని బట్టి తేలుతుందని, దాన్ని తెచ్చిన కుర్ర సారు చెప్పాడు. నేను అరుగు మీద కూర్చుని వింటున్నాను. కూర్చోలేక లేచాను, నిలబడలేక మళ్ళీ కూర్చున్నాను.

సంచి నా పేరు మీద రాలేదు. మా తమ్ముని కోడలి పేరు మీద వచ్చింది. ఆమె ఊళ్ళో మహిళా సంఘానికి అధ్యక్షురాలు. సంఘంలో ఆమెతో కలిపి పన్నెండు మంది. పదో తరగతి పాసై వచ్చిన పిల్ల. మండల కేంద్రం బోథ్‌లో ఏ ఆఫీసులో పనిపడినా ఊరి ఆడవాళ్ళు ఆమెనే ముందు నిలబెడతారు. ఆమె ఎక్కువ మాట్లాడదు, కానీ అడగవలసింది అడగకుండా మాత్రం తిరిగి రాదు.

సారు కరీంనగర్ దిక్కు కాలువ నీళ్ళ కింద పుట్టి పెరిగినవాడు. మర్యాదస్తుడు. చెప్పులు వాకిట్లోనే విడిచి, ఇచ్చిన చాయ్ చల్లారకముందే తాగి, పద్ధతి చెప్పాడు. అర ఎకరం కొత్త రకం వేయాలి. దాని పక్కనే అర ఎకరం మా ఇంటి కంది వేయాలి. రెండూ పోల్చి చూడాలి.

"మీ దగ్గర పంట మంచిగ వచ్చిందనుకో అక్కా, గీ విత్తనం పండించే పని మీ సంఘానికే ఇస్తరు. శుభ్రం చేసే మెషిన్ గూడ వస్తది" అన్నాడు.

ఆ మాటకు దర్వాజ దగ్గర నిలబడ్డ సంఘం ఆడవాళ్ళ మొహాలు చూశాను. వాళ్ళలో చాలామంది పత్తి ఏరే కూలికి ఊళ్ళు పట్టుకు తిరిగేవాళ్ళే. ఎండిన పత్తికాయల మొనలు గీసుకుని వేళ్ళ చివరలు పగిలి ఉంటాయి. ఊళ్ళోనే, నీడపట్టున, ఏడాది పొడుగునా పని అంటే వాళ్ళకు ఏమిటో నాకు తెలుసు.

"మంచిగ రాకపోతేనో సారూ?" అని కోడలు అడిగింది.

"ఎందుకు రాదక్కా, మంచి రకం" అని నవ్వి జీపెక్కాడు.

జీపు దుమ్ము అణగకముందే మా తమ్ముడు నిర్ణయం చేసేశాడు. "బోరు కాడి రేగడి మడి గుంటుక తోలి తయారు పెడత. సర్కారు ఇత్తనం గదా. మన కంది గట్టు కింది చెలకల ఏస్తే ఏడికి పోతది."

ఇక నేను కూర్చోలేదు. ఎందుకు కూర్చోలేదో చెప్పాలంటే నా వయసు ముప్పై నిండని రోజుల దగ్గరికి పోవాలి.

నేను బడికి పోయింది మూడో తరగతి దాకానే. మిగతా చదువు ఎరువుల బస్తాల మీది అక్షరాలతో, పంచాయతీ ఆఫీసులో మూల పడేసిన వ్యవసాయ పత్రికలతో, రేడియోతో అయింది. చదవడం వచ్చిందన్న పొగరుతోనే, ఊళ్ళోకి పరీక్ష విత్తనం వస్తే నేనే ముందుకు పోయి తీసుకున్నాను. అదీ కందే. మోటార్ సైకిల్ మీద వచ్చిన సారు ఇప్పటి సారు చెప్పినట్టే చెప్పాడు: రెండూ పక్కపక్కన వేయమని.

మా అవ్వ ఆ సంచికి పసుపు కుంకుమ పెట్టి దేవుని అర్రలో ఉంచింది. "సర్కారు పంపిన ఇత్తనం బిడ్డా. ఇంటికొచ్చిన అల్లుని లెక్క. రాళ్లల్ల కూసుండవెడతమా?" అంది. బాపు గొర్రెల మంద ఆపించి ఎరువు చేసిన నల్లరేగడి మడిని దానికిచ్చాడు. మా ఇంటి కంది గట్టు కింది చెలకలోకి పోయింది. చెలక అంటే ఎర్రమట్టి, గులకరాళ్ళు. వాన పడ్డ మరునాటికి తడి ఉండదు. రెండూ పక్కపక్కనేనా అని ఊళ్ళో ఎవరైనా అడిగితే, పక్కపక్కనే, నడుమ ఒక వాగు ఉంది అంతే అని మేమే నవ్వుకునేవాళ్ళం.

అందులో మోసం లేదు. అది మర్యాద. పరీక్ష పెట్టమని ఇచ్చిన విత్తనానికి మేము విందు పెట్టాము. మా వైపు వాళ్ళు తప్ప ఇంకెవరూ చేయని తప్పు అది.

కొత్త కంది మా కందికి రెండింతలు పండింది. సారు వచ్చి చెట్టు ఎత్తు రాసుకున్నాడు, కాయలు లెక్కపెట్టి రాసుకున్నాడు, గింజల బరువు రాసుకున్నాడు. ఏ నేలలో వేశావని అడగలేదు. అతని కాగితంలో ఆ గడి లేదు. ఆదిలాబాద్‌కు పిలిచి నాకు శాలువా కప్పి ఫోటో తీశారు. ఆ పూట నాకు అన్నీ తెలుసు. రేగడి సంగతి తెలుసు, గొర్రెల మంద సంగతి తెలుసు. నన్ను అడగలేదు కాబట్టి చెప్పలేదని ఎన్నో ఏళ్ళు చెప్పుకున్నాను. అడగకపోయినా నోరు తెరవొచ్చు. శాలువా మెత్తగా ఉంది, తెరవలేదు.

రెండేళ్ళకు ఆ విత్తనం ఊరంతా వచ్చింది. మా మేనమామ, అల్లుడు పండించిన రకమే కదా అని, తనకున్న చెలకంతా అదే వేశాడు. పూత మీదికి వచ్చేసరికి వాన మొహం చాటేసింది. పూత రాలింది. చెట్లు నిలువునా ఎండాయి. ఆయన ఆ ఏడు ఎద్దుల జత అమ్ముకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఎప్పుడు కనబడ్డా "ఏం సైంటిస్టు, తిన్నవా?" అని మాత్రం అడిగేవాడు. పోయేదాకా అలాగే పిలిచాడు. ఊళ్ళో ఎవరింట్లోనూ పాత కంది విత్తనం మిగలలేదు. పెన్‌గంగ అవతల మరాఠీ ఊళ్ళో ఉన్న చుట్టాల దగ్గరికి పోయి మా కందిని మేమే అడుక్కుని తెచ్చుకున్నాము.

ఆ తరువాత ఎన్ని సంచులు వచ్చాయో. సోయా వచ్చింది, శనగ వచ్చింది, పత్తి వచ్చింది. ప్రతి సంచికీ ప్రతి ఊళ్ళోనూ మంచి మడే. మా జిల్లా నుంచి పైకి పోయిన ప్రతి కాగితమూ మంచి మడి నుంచే పోయింది. ఆ కాగితాలు చూసి మా ప్రాంతానికి ఏ పరిశోధన కావాలో ఎక్కడో కూర్చుని రాసేవాళ్ళు రాశారు. మా నేలలో ఎక్కువ భాగం చెలకే. అది మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

అందుకే ఆ రోజు తమ్ముని మీదికి లేచాను. "సర్కారు ఇత్తనానికి మంచి మడి ఇచ్చుడు ఇగ బందు పెట్టుండ్రి" అన్నాను.

"అన్నా, నీ మేనమామ ముచ్చట మల్ల షురూ చెయ్యకు. నాకు గూడ ఆయన మేనమామనే" అన్నాడు తమ్ముడు.

కోడలు బియ్యం చెరుగుతున్నది. చాట ఆపి, "పెద్దమామా, పంట మంచిగ రాకుంటే పని రాదు. సంఘం ఆడోళ్లకు నేనేం జెప్పాలె?" అంది.

"పండింది పండినట్టు చెప్పు బిడ్డా."

"చెలకల ఏసి, ఎండగొట్టి, ఎండింది సారూ అని చెప్పాల్నా?"

ఊరి చివరి దాకా నడిచి వచ్చాను. ఆమె చెప్పిందీ నిజమే. ఓడిపోయిన చోట నుంచి నిజం చెప్పినవాళ్ళకు ఈ లోకం ఏమిస్తుంది?

మరునాడు పొద్దున ఆమె సంచిని రెండు చేసి పెట్టింది. సగం రేగడికి, సగం చెలకకు. మా ఇంటి కందినీ అలాగే రెండు కుప్పలు చేసింది. "రెండు దిక్కుల రెండు ఇత్తులు ఏద్దాం. అప్పుడు మామకు నోరు ఉండది, నీకు నోరు ఉండది" అంది. ఆమెకు ఈ పద్ధతి ఎవరూ నేర్పలేదు. ఇద్దరు ముసలివాళ్ళ కొట్లాట తెంపడానికి ఆమె చేసిన పని, పెద్ద చదువులు చదివినవాళ్ళు మా ఊరికి పంపిన పద్ధతి కంటే సరైనదిగా ఉంది. ఆ మాట పైకి అంటే మెత్తబడ్డాననుకుంటుంది.

కొత్త కంది సాళ్ళకు పాత చీర నీలం పీలికలు, మా కంది సాళ్ళకు ఎర్ర పీలికలు కట్టింది. ఆ వానాకాలం నాకు నిలకడ లేదు. పొద్దున ఒకసారి, మాపటి పూట ఒకసారి రెండు చేలూ తిరిగేవాణ్ణి. భాద్రపదంలో వాన మొహం చాటేసింది. రేగడిలో నీలం పీలికల కంది మా కంది కంటే ముందే పూసి, ఒత్తుగా కాసింది. చూస్తే కళ్ళు నిండేటట్టు ఉంది. చెలకలో అదే కంది పూత రాల్చుకుంది. చిగుళ్ళు వేలాడాయి. దాని పక్కన ఎర్ర పీలికల కంది మోకాలికి కొంచెం పైన, మురికిగా, తక్కువ కాయలతో, కానీ పచ్చగా నిలబడి ఉంది.

ఒక విషయం దాచకుండా రాయాలి. చెలకలో నీలం పీలికల చెట్టు ఎండుతుంటే నాకు సంతోషం కలిగింది. ఒకరోజు గట్టు మీద నిలబడి నవ్వాను కూడా. అప్పుడు వెనుక నుంచి కోడలు గడ్డిమోపుతో వచ్చింది. నన్ను చూసింది. మోపు తల మీద సర్దుకుని పోయింది. ఎండుతున్నది ఆమె సంఘం పని అని నాకు అప్పుడు తట్టింది.

కోతల ముందు సారు వచ్చాడు. ఈసారి కాగితం లేదు, ఫోను. రేగడి చేను చూసి మురిసిపోయి ఫోటోలు తీసుకున్నాడు. కోడలు అతన్ని చెలకకు తోలుకుపోయింది. చూశాడు. ఎండిన కొమ్మ ఒకటి విరిచాడు.

"గిది గూడ ఎక్కించుండ్రి సారూ" అంది ఆమె.

"ఒక రైతుకు ఒకటే ప్లాట్ అక్కా. రెండోది ఫోనుల ఎక్కది."

"గట్లయితే నోట్‌బుక్కుల రాసుకోండ్రి."

"రాసుకుంట. గని పైకి పోదు."

నేను ఊరుకోలేకపోయాను. "పైకి పోనిది రాసుడెందుకు? పండినదాన్నే రాసుకపోయేటందుకు నువ్వెందుకు సారూ, తక్కెడ పట్టుకుని ఎవలన్న రావచ్చు గదా."

అతను చెలక గట్టు మీద కూర్చుండిపోయాడు. "తాతా, నాది ఏడాది కాంట్రాక్టు. వచ్చే ఏడు ఈడ ఉంటనో, ఖమ్మం పోతనో నాకే తెల్వది. పది ఊర్లల్ల మంచిగ వచ్చిందని రాస్తెనే మా పెద్దసారు రకానికి పేరొస్తది. పేరొస్తెనే మాకు మల్ల పైసలొస్తయి."

అతని మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. ఒక నేలను తెలుసుకోవాలంటే పదేళ్ళన్నా ఆ నేల మీద నడవాలి. వీళ్ళు ఒక పిల్లగాణ్ణి ఒక పంటకాలానికి పంపి, అతని చేతిలో గెలుపు మాత్రమే పట్టే సంచి పెట్టారు. అతని మీద రాని కోపం ఎవరి మీదికి పోవాలో తెలియక నాలోనే తిరుగుతూ ఉంది. 

కల్లాలు అయినాక ఆదిలాబాద్‌లో సభ పెట్టారు. వెనుకబడిన ప్రాంతాల్లో పరిశోధనను, ఆవిష్కరణలను ఎట్లా పెంచాలో విధానం తయారు చేస్తున్నారట, ప్రజల మాట వింటారట. కోడలికి మూడు నిమిషాలు ఇచ్చారు. కాగితంలో ఆమె పేరు ఎదురుగా 'విజయగాథ' అని ఉంది. విత్తనం పని ఎవరికివ్వాలో తేల్చే పెద్దలంతా ఆ సభలోనే ఉంటారని సారు చెవిలో వేశాడు.

సంఘం ఆడవాళ్ళు అయిదుగురు, తమ్ముడు, నేను ఆటో మాట్లాడుకుని పోయాము. సంఘంలో అందరికంటే పెద్దామె ఒకతి ఉంది. వరుసకు నన్ను బావ అంటుంది. ఉన్నది ఎకరంన్నర చెలక. దారి పొడుగునా కోడలికి పాఠం చెప్పింది.

"రేగడి ముచ్చట చెప్పు. చెలక ముచ్చట మింగు. అడిగితే అప్పుడు చూద్దాం." ఆ తరువాత నా వైపు తిరిగింది. "బావా, నువ్వు ఆడ నోరు తెరిస్తే మాత్రం మల్లొచ్చేటప్పుడు నిన్ను తోవల దింపి పోత. నడుసుకుంట రా."

"నేనేమంటలేను గదా."

"అనకుంటనే గింత దూరం తెచ్చినవు. పిల్ల మొకం చూడు, అన్నం గూడ తినలే."

నిజమే. కోడలు ఆటో అంచు పట్టుకుని బయటికి చూస్తున్నది.

సభలో పెద్ద తెర. దాని మీద ఎక్కడా మన్ను కనబడలేదు. బాణం గుర్తులు, గుండ్రాలు, నవ్వుతున్న పిల్లలు. మాట్లాడినవాళ్ళంతా ఆవిష్కరణ అన్న మాటను ప్రసాదం పంచినట్టు పంచారు. ఒక పెద్దాయన లేచి, ఈ ప్రాంత రైతులు కొత్తను అందుకోవడంలో ఇంకా వెనకే ఉన్నారని, వాళ్ళ ఆలోచన మారాలని అన్నాడు. మా అవ్వ పసుపు కుంకుమ పెట్టి అందుకుంది కదయ్యా నీ కొత్తను అని అడగాలనుకున్నాను. తమ్ముడు నా ధోతి కొంగు గట్టిగా పట్టుకున్నాడు.

అప్పుడు కోడల్ని పిలిచారు.

ఆమె మైకును తన ఎత్తుకు వంచుకుంది. "రేగడిల మా కంది కంటే గీ కంది మస్తు పండింది" అంది. చప్పట్లు పడ్డాయి. పెద్దామె నా పక్కన ఊపిరి వదిలింది. చప్పట్లు అయ్యేదాకా కోడలు ఆగి, "చెలకల పండలే. పూత రాలింది. చెలకల మా కందే నిలవడ్డది" అంది.

ముందు వరుసలో అధికారి ఒకాయన మంచిగానే అడిగాడు. "మొత్తం మీద చెప్పండమ్మా, ఈ రకం మంచిదా కాదా?"

"రేగడి ఉన్నోళ్లకు మంచిది సారూ. మా సంఘంల పన్నెండు మందిమి. రేగడి నా ఒక్కదానికే ఉన్నది."

ఆమె అప్పుడూ దిగలేదు. "ఇత్తనం పని మాకు కావాలె సారూ. మస్తు అవసరం ఉన్నది. గని చెలకల ఏసుకొమ్మని నేను ఎవ్వరికీ చెప్పలేను. పండనిది గూడ రాసుకునే జాగ మీ ఫోనుల పెట్టుండ్రి."

"మంచి సూచన, నోట్ చేసుకుంటాం" అన్నాడాయన. వెనుక ఎవరో రెండు చప్పట్లు కొట్టి, తోడు ఎవరూ లేకపోవడంతో ఆపేశారు. తరువాతి పేరు పిలిచారు.

తిరిగి వచ్చేటప్పుడు పెద్దామె నన్ను తోవలో దింపలేదు. దింపినా బాగుండేది.

మాఘంలో సంగతి తెలిసింది. విత్తనం పని, మెషిన్ వేరే మండలంలో ఇంకో సంఘానికి పోయాయి. వాళ్ళ ఊళ్ళో అంతా రేగడే. ఆ మాట ఎవరూ మాకు వచ్చి చెప్పలేదు. సారు ఫోను చేసి, కాంట్రాక్టు అయిపోయిందని, ఖమ్మం పోతున్నానని చెబుతూ మధ్యలో ఈ సంగతీ చెప్పాడు. కోడలు విని, ఫోను పక్కన పెట్టి, బర్రెకు కుడితి పెట్టడానికి పోయింది.

ఆ మాపటికి సంఘం ఆడవాళ్ళంతా వాకిట్లో కూడారు. గట్టిగా ఎవరూ తిట్టలేదు. అదే ఎక్కువ కష్టంగా ఉంది. వచ్చే ఏడు అధ్యక్షురాలిగా ఇంకొకరు ఉంటే మంచిదేమో అని ఒకామె అంది. కోడలు సరే అంది. వాళ్ళు పోయినాక నేను ఏదో అనబోయాను.

"పెద్దమామా, నువ్వు జెప్పినవని నేను చెప్పలే. నా నోటితోని నేను చెప్పిన. ఇగ నువ్వు జర ఊకో" అంది.

ఊరుకున్నాను. నాకు అది అలవాటు లేదు. నా తప్పును దిద్దుకోవడానికి నేను ఆమెను వాడుకున్నానా అన్న మాట అప్పటి నుంచి పీకుతూనే ఉంది. నేను శాలువా కప్పుకుని మింగిన నిజాన్ని ఆమె చేత చెప్పించాను. శాలువా నాకు దక్కింది, నష్టం ఆమెకు దక్కింది. విధానాలు రాసే పెద్దలారా, నిజం చెప్పినందుకు ఒక సంఘం పని పోగొట్టుకునే ఏర్పాటును మీరు పరిశోధన అంటున్నారు. దానికి ఎన్ని భవనాలు కట్టినా, ఎన్ని తెరలు దించినా, పైకి వచ్చేది పొగడ్త మాత్రమే.

ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో పెద్దామె వచ్చింది. చేతిలో ఖాళీ సంచి. "బావను చూడ రాలే, కోడల్ని చూడొచ్చిన" అని నన్ను దాటి లోపలికి పోయింది. "గా చెలకల ఎండని కంది ఉన్నది సూడు. నాకొక తవ్వెడు ఇయ్యి బిడ్డా. నా ఎకరంన్నరల అదే ఏస్త" అంది. రెండు రోజులకు ఇంకో ఇద్దరు వచ్చారు. అధ్యక్షురాలిని మార్చాలన్నామె కూడా వచ్చింది, అందరికంటే చివర.

ఈ పొద్దు వాళ్ళంతా మా వాకిట్లో కూర్చున్నారు. కందులు చెరిగి, పుచ్చులు ఏరుతున్నారు. పొట్టు గాలికి లేచి నా మంచం మీదికి వస్తున్నది. ఇప్పటికి మూడుసార్లు మంచం జరుపుకున్నాను.

"మెషిన్ ఉంటే గడియల అయిపోతుండె" అని పెద్దామె అందరికీ వినబడేటట్టు అంది. "బావ పుణ్యమాని మా నడుములు పడిపోతున్నయి. జర గీ చాట నువ్వు పట్టరాదు బావా, మెషిన్ అనుకుంటం."

ఆడవాళ్ళు నవ్వారు. కోడలు నవ్వలేదు. ఆమె కుప్ప కుప్పకూ ఒక చీటీ రాసి పెడుతున్నది: ఎవరి చెలకకు పోయే విత్తనం, అక్కడ ఎంత లోతు మట్టి, రాళ్ళు ఎన్ని; ఎప్పుడు పూసిందో రాసేందుకు కింద ఖాళీ జాగ. నేను మంచం దిగి దగ్గరికి పోయి వంగి చదివాను. అక్షరాలు చిన్నవి, వరుసగా ఉన్నాయి.

"గిది రాయుమని ఎవలు పంపిండ్రు బిడ్డా?" అని అడిగాను.

"ఎవ్వరు పంపలే" అంది తల ఎత్తకుండా. "జర కాలు తియ్యి పెద్దమామా, గింజల మీద నిలవడ్డవు."